మండువ చెడిన తీరు

దేశచరిత్రములు వ్రాయువారు కోటలను, రాజులను, యుద్ధములను విరివిగా వర్ణింతురు. గద్వాల కోటను గట్టిన సోమనాద్రి పేరు వినని వాడు నడిగడ్డలో లేడు. వనపర్తి సంస్థానప్రభువుల వైభవమును తలచుకొనువారు నేటికిని కలరు. కాని ఆ కోటగోడల నీడను కూలిచేసి, ప్రొద్దు వాలినపిదప ఊరివెలుపలి ఈతవనమునకు నడచిపోయిన సామాన్యుడు ఏమి త్రాగెను, ఎవరి చేతినుండి త్రాగెను, వాడిచ్చిన పైసలు తుదకెవరి యింట చేరెను అను ప్రశ్నలు చరిత్రగ్రంథములలో అరుదు. జనుల తిండియు, త్రాగుడును, ఆటపాటలును చరిత్రకు తగిన విషయములే యని మనకు చూపినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. వారు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వాస్తవ్యులు. 1949లో వెలువడిన వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఆ త్రోవను తీసినది. ఆ త్రోవలోనే నాలుగడుగులు నడచి, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో ఊరి కల్లుమండువ ఏ రీతిగా చెడినదో విచారింప దలచితిమి.

మండువ యనగా పట్టణవాసులకు తెలియకపోవచ్చును. ఊరికి కొంత దూరమున, తాటితోపు లేక ఈతవనము నంటి, గౌడు కుండలు దించి కల్లు పోయుచోటు మండువ. అది యొక యిల్లు కాదు, అంగడియు కాదు, చెట్టునీడ. దీనిని పోగొట్టినది సీసాల దుకాణమని పలువు రందురు. ఆ మాటలో నిజము కలదు గాని, అది సగము నిజమే యని మా యభిప్రాయము.

ఇట్టి కథ మనదేశమున మాత్రమే జరిగినది కాదు. ఇంగ్లండు దేశమున ఊరూరను ‘పబ్బు’ అను పానశాలలుండుట ప్రసిద్ధము. అచట 1979లో టిమ్ మార్టిన్ అనునతడు లండను నగరపు మస్వెల్ హిల్లులో నొక పబ్బును తెఱచి, వెదర్‌స్పూన్ అను పేర దానిని వందలకొలది శాఖలుగా విస్తరింపజేసెను. మూతపడిన సినిమాశాలలను, బ్యాంకుల భవనములను పానశాలలుగా మార్చి, సరకును పెద్దమొత్తములలో కొని, చౌకగా అమ్ముట ఆ సంస్థ మార్గము. ప్రక్కవీధిలోని చిన్న యజమాని ఆ వెలకు అమ్మజాలడు. అచటి పాత పబ్బులు మూతపడుటకు పన్నులు, ఇండ్లకు కొనిపోవు చౌక బీరు, 2007 నాటి పొగత్రాగుడు నిషేధము మున్నగు ఇతర కారణములును కలవు. అయినను ఎల్లెడల ఒకే పేరు, ఒకే సరకు, తక్కువ వెల అను పద్ధతి పాత పబ్బులకు గట్టి దెబ్బయే యని అచటివారి వాదము. మన సీమలో నిట్టి మార్పు ఇంతకంటె ముందుగానే మొదలైనది. ఇంతకంటె క్రూరముగా సాగినది. అచట ప్రజలను ఆకర్షించినవాడు వ్యాపారి; ఇచట ఆ వ్యాపారికి వెనుక నిలిచినది ప్రభుత్వపు బొక్కసము.

మొదట మండువ యెట్లు నడచెడిదో చూతము. తాటిచెట్టు గీతకు వచ్చుటకు పదునైదు, ఇరువదియేండ్లు పట్టును. తాత పెట్టిన విత్తు మనుమనికి కుండ నింపును. ఈతచెట్టు అంతకు ముందే అందివచ్చును గాని, దాని మొవ్వు దగ్గర చెక్కి కల్లు తీయవలయును గనుక దానికి విశ్రాంతి యీయక తప్పదు. ఒక యేడు ఒక ప్రక్క, మఱియొక యేడు మఱియొక ప్రక్క గీసినందున ఈతమ్రాను మెట్లుమెట్లుగా కనబడును. చూడనేర్చినవానికి చెట్టు వయస్సును, గీతగాని నేర్పును ఆ మెట్లే చెప్పును. గౌడు నడుమునకు ముస్తాదు బిగించి, మోకు వేసికొని, ఉదయము నొకసారి, సాయంకాలము నొకసారి చెట్టెక్కును. జారినచో ప్రాణమే పోవును. నడుము విఱిగి మంచము పట్టినవారు లేని గౌడవాడ అరుదు.

చెట్టునుండి ఊఱినప్పుడు రసము తియ్యనినీరు. కుండలోనున్న పులుపువలన అది గంటలలోనే పొంగి కల్లగును. అప్పుడు దానిలోని మత్తు నూటికి నాలుగైదు పాళ్లు. మఱునాటికి అది పులిసి నోటబెట్టరానిదగును. ఈ చిన్నవిషయమునందే మండువ యొక్క ధర్మమంతయు ఇమిడియున్నది. కల్లు నిలువ యుండదు. కావున దానిని దూరము పంపుటకు వీలులేదు. చెట్లెన్నియో అంతే కల్లు. కావున అమ్మకమునకు హద్దు కలదు. ఎండకాలమున తాడు పాఱును, చలికాలమున ఈత పాఱును, వానకాలమున కొఱత వచ్చును. కావున త్రాగువాడును ఋతువునకు లోబడవలసినదే. పోయువాడు ఊరివాడు, ఎవరి యింట గింజలు లేవో, ఎవని భార్య కంటతడితో నున్నదో వాడెఱుగును. వీనిలో నేదియు ఉపదేశమువలన కలిగిన నిగ్రహము కాదు. చెట్టే విధించిన పరిమితి యది.

ఇంతమాత్రమున మండువను స్వర్గముగా వర్ణించువారితో మేము చేరజాలము. అచట తాటాకు రేకులో త్రాగిన హరిజనుడు వేఱుగా కూర్చుండవలసెను. ఒక చెట్టునీడయందే కులమునకొక చోటు. కోతలకాలమున గింజలిచ్చెదనని కల్లు అప్పుత్రాగి, కళ్లమునందే ధాన్యము పోగొట్టుకొన్న రైతు లెందరో. గీతగానికిని సుఖము లేదు. దేశముఖుల యిండ్లకు కుండలకొలది కల్లు వెట్టిగా మోయవలసిన దుఃస్థితి తెలంగాణమున నుండెను. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి సమావేశమును జరుపుకొన్న ఆంధ్రమహాసభ, ముందు సంవత్సరములలో వెట్టిచాకిరిని ఖండించుచు వచ్చినదనిన, ఆ బాధితులలో గౌడులును కలరని మఱువరాదు.

ప్రభుత్వపు చేయి కూడ ఎప్పటినుండియో చెట్టుపై నుండెను. హైదరాబాదు రాజ్యపు ఆబ్కారీ చట్టము 1316 ఫసలీ నాటిది. అనగా క్రీస్తుశకము 1906–07. చెట్టునకు ‘చెట్టురకము’ అను పన్ను, దుకాణమునకు హర్రాజు, హర్రాజు పాడుకొన్న ముస్తాజరు, వానిక్రింద గీతగాడు—ఇది యా యేర్పాటు. చెట్టు రైతు పొలముగట్టున నున్నను, దానిని గీయుటకు సర్కారు అనుజ్ఞ కావలెను. రాజ్యపు ఆదాయములో ఆబ్కారీ ముఖ్యభాగమై నిలిచెను. ప్రజ త్రాగినకొలది బొక్కసము నిండునను సూత్రము అప్పుడు పాతుకొన్నదే గాని, కల్లునందు దానికి మేర యుండెను. చెట్టును ఆజ్ఞాపించి రెండు కుండలకు బదులు పది కుండలు పాఱింప సర్కారునకు సాధ్యము కాదు గదా!

సారాయి యట్లు కాదు. పూర్వము ఇప్పపూవుతో ఊరనే బట్టి పెట్టి సారాయి దించెడివారు. నాగరుకర్నూలునకు తూర్పున అమ్రాబాదు, అచ్చంపేట ప్రాంతపు నల్లమలలో చెంచులకు ఇప్పపూవు ఆహారము, ఔషధము, పండుగ పానము. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఊరిబట్టీలను అణచి, పట్టణములోని పెద్ద బట్టీలో దించిన సరకును గుత్తదారుల ద్వారా ఊళ్లకు పంపు పద్ధతి బలపడినది. హైదరాబాదునందలి నారాయణగూడ బట్టి ఇట్టిదే. చెంచు తన చెట్టుపూవు తానే కాచుకొన్నచో నేరము. ఆ పూవుతోనే సర్కారువారి బట్టిలో దించిన సారాయిని కొన్నచో న్యాయము! చౌకసరకు ఒకచోట తయారై పలుచోట్ల ఒకే రీతిగా అమ్ముడగుట మన సీమలో ఇట్లారంభమయ్యెను. సారాయి పులిసిపోదు, పాడైపోదు, ఋతువు నెఱుగదు. బండి పోగలిగినంత దూరము అది పోవును.

ఈ కాలముననే తుంగభద్ర యిరుగట్లను రెండు నీతులు నడచినవి. మద్రాసు రాజధానిలో 1937లో సేలము జిల్లాయందు ప్రారంభమైన మద్యనిషేధము 1948 నాటికి రాష్ట్రమంతటను వ్యాపించెను. కర్నూలు ఆ నిషేధములోనిది. నదికి ఈవల అలంపురము, గద్వాల. ఇవి 1956 వరకు హైదరాబాదు రాజ్యపు రాయచూరు జిల్లాలోనివి. ఇచట నిషేధము లేదు. ఆవలిగట్టున కల్లుముంత నేరము, ఈవలిగట్టున సర్కారు రాబడి. ఆంధ్రప్రదేశ్ అవతరణమునకు ముందు జరిగిన పెద్దమనుష్యుల యొడంబడికలో తెలంగాణమందలి మద్యనిషేధమును అచటి శాసనసభ్యులే నిర్ణయింపవలయునని వ్రాసికొనుటయే, ఈ రాబడి యెంత ముఖ్యమో తెలుపుచున్నది. తుదకు 1969లో ఆంధ్రప్రాంతపు నిషేధమును ఎత్తివేసిరి. రెండు గట్లును ఒకటైనవి. అయితే తేలినది నిషేధము కాదు, రాబడి.

ఆపై జరిగిన మార్పు తీవ్రమైనది. 1980–90 సంవత్సరముల నడుమ వారుణివాహిని యను పేర సారాయిని చిన్న చిన్న పొట్లములలో నింపి పల్లెపల్లెకు చేర్చు ఏర్పాటు జరిగినది. 1986లో మద్యపు టోకువ్యాపారమునకై ప్రభుత్వమే సంస్థను నెలకొల్పెను. పొట్లమును జేబులో నుంచుకొనవచ్చును, పొలమునకు కొనిపోవచ్చును, ఒంటరిగా త్రాగవచ్చును. మండువలో త్రాగువానిని నలుగురు చూచెడివారు. ‘ఇక చాలు, ఇంటికి పొమ్ము’ అను పెద్ద యొకడు ఉండెడివాడు. పొట్లమునకు అట్టి పెద్ద లేడు. పాలమూరు కూలీలు కఱవు తాళలేక మేస్త్రీలవెంట దూరదేశపు ఆనకట్టల పనులకు వలసపోయినచోట గూడ మండువ లేదు, పొట్లము కలదు. మగవాడు వలసపోయిన కాలమున ఈతవనము గీయు చేతులును, త్రాగు నోళ్లును రెండును తఱిగినవి.

దీనికి ఎదురుతిరిగినది స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మగారు మున్నగు అక్షరదీక్షాపరులైన స్త్రీలు ప్రారంభించిన ఉద్యమము రాష్ట్రమంతట పాకి, 1993 అక్టోబరు 1న సారాయి నిషేధము సిద్ధించెను. 1995 జనవరి 16 మొదలు సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. కల్లును మాత్రము విడిచిరి. 1997లో సంపూర్ణ నిషేధము సడలెను. సారాయి మూసియే యుండెను గాని సీసామద్యము తిరిగి వచ్చెను. అనగా స్త్రీలు కష్టపడి మూసిన వాకిటి ప్రక్కనే, ఇంకను గొప్పదియు ఇంకను ఖరీదైనదియు అగు వాకిలి తెఱవబడెను. సారాయి పోయిన చోటికి నూటికి నలువదిరెండు పాళ్లకు మించిన మత్తుగల విస్కీ వచ్చెను.

ఇక మండువ మాట. సారాయి మూతపడిన దినములలో కల్లునకు మరల గిరాకి కలుగవలసినదే, కలిగినది కూడ. కాని చెట్లెక్కడివి? పాలమూరు కఱవులు ఈతవనములను ఎండగట్టినవి. బోరుబావులు త్రవ్వి పొలములు పెంచుకొన్నవారు గట్లమీది చెట్లను కొట్టివేసిరి. గౌడుల బిడ్డలు చదువులకును పట్టణములకును పోయిరి; పోవలసినదే; చెట్టుమీదనుండి పడి చచ్చుట యెవరికిని కులధర్మము కారాదు. చెట్లు తఱిగినవి, గీతగాండ్రు తఱిగిరి, అమ్మకము మాత్రము పెరిగినది. ఇది యెట్లు సాధ్యము? ఇచటనే మా విచారణ యొక్క మర్మము.

చెట్టు లేని కల్లు పుట్టినది. ఊరిలో ప్రహరీ కట్టి ‘కంపౌండు’ అను పేరుపెట్టిన దుకాణములో, తొట్టెలలో నీరు పోసి, తీపికి శాకరిన్ కలిపి, మత్తునకు క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ అను మందులు చేర్చి, పైకి కల్లనిపించు ద్రవమును తయారుచేయుట పలుచోట్ల ఆచారమైనది. ఇవి వైద్యులు నిద్రకును, ఆందోళనకును మితముగా వాడు మందులు. దినదినము సేవించినవాని మెదడు వానికి దాసియగును. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీకల్లుపై దాడులు చేయగా, నాటి మహబూబునగరము, మెదకు, నిజామాబాదు జిల్లాలలో సంభవించినది తలచిన ఒడలు జలదరించును. కల్లు మానినవెంటనే చేతులు వణికినవారు, నిద్రలేక పిచ్చిమాటలు పలికినవారు, మూర్ఛలు వచ్చినవారు గుంపులుగా ఆసుపత్రులకు చేరిరి. కొందరు ప్రాణములు విడిచిరి. వారిలో కూలిచేసి బ్రతుకు స్త్రీలును పలువురు. నిజమైన కల్లు రెండుదినములు దొరకనిచో వెనుకటి తరమువారు విసుగుకొనెడివారే గాని యిట్లు కూలిపోయెడివారు కారు. ఆ దృశ్యమే చెప్పుచున్నది, వారు త్రాగినది చెట్టురసము కాదని. ఆ పాఠము చాలలేదు. 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లిలో కల్తీకల్లువలన మఱల మరణములు సంభవించెను.

కావుననే మేము, సీసా మండువను చంపినదనుట సగము నిజమే యంటిమి. సీసా మండువ గిరాకిని తీసికొన్నది, నిజమే. దానికంటె ఘోరమైనది, మండువకు తన స్వభావమును నేర్పినది. ఎల్లకాలము దొరకవలెను, ఎందరు వచ్చినను చాలవలెను, చౌకగా నుండవలెను, మత్తు త్వరగా ఎక్కవలెను—ఈ నాలుగును సారాయి ధర్మములు. చెట్టు ఈ నాలుగింటికిని ఒల్లదు. అంగడిలో నిలువవలెనన్న చెట్టును విడువవలెను. చెట్టును విడిచినవెంటనే కల్లు కల్లు కాకపోయెను. పోటీలో ఓడినవాడు మూతవేసికొని పోయియుండిన గ్రామమునకు ఇంత హాని లేదు. గెలిచినవాని వేషము వేసికొని నిలిచినందుననే హాని కలిగినది.

నేటి స్థితి చూతము. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు వేఱువేఱు జిల్లాలైనవి. మూడు పట్టణములలోను సీసాల దుకాణము ఒక్కటే రీతి: అవే పేర్లు, అవే బొమ్మలు, అచ్చువేసిన అదే వెల. దుకాణమునకు అనుబంధముగా ఊళ్లలో నడచు బెల్టుషాపులను చట్టము గుర్తింపదు. కాని ఊరిలోని చిన్నపిల్లవాడు వానిని గుర్తించును. అనుజ్ఞాపత్రములకు చీట్లు వేయుదురు. 2023లో తిరిగిరాని రుసుము రెండులక్షల రూపాయలైనను రాష్ట్రమున లక్షకు మించిన దరఖాస్తులు వచ్చినవి. దుకాణములు రమారమి 2,620 మాత్రమే. చీటి తగులనివారి సొమ్ము సయితము బొక్కసమునకే. 2021లో ఈ దుకాణములలో నూటికి పదునైదు గౌడులకు ప్రత్యేకించిరి. కులవృత్తి పోయినవారికి జీవనము చూపుట న్యాయమే. అయినను తాతలు చెట్టెక్కి దించిన కుటుంబమువాడు నేడు ఎక్కడనో కాచిన సీసాను అమ్ముకొనుటకు హక్కు పొందుట, ఆ వృత్తికి బహుమానమో సంతాపపత్రమో చదువరులే నిర్ణయింపవలెను.

సంస్కరణాభిమానుల మగు మనయందును దోషము కలదు. త్రాగుడంతయు నొక్కటే యని మనము చెప్పుచు వచ్చితిమి. నీతిదృష్టితో నది ఒప్పుకొనదగినదే. కాని ప్రభుత్వము ఆ మాటను తనకనుకూలముగా మలచుకొన్నది. ఇంటిబట్టిని, చెంచు కుండను, గీతగాని ముంతను అణచుట సులభము. అవి పేదల చేతిలోనివి. కర్మాగారపు సీసాను అణచుట కష్టము. అది బొక్కసపు చేతిలోనిది. కనుక నిషేధ మెప్పుడు వచ్చినను చిన్నది మూతపడి పెద్దది మిగులుచున్నది. మనము మద్యమును ద్వేషించితిమి గాని, మద్యముపై బ్రతుకు రాబడిని ప్రశ్నింపలేదు. ఆ ప్రశ్నను వేసినవారు దూబగుంట స్త్రీలే. వారికి లెక్కలు రావు గాని లెక్క తెలిసినది.

అయిన నేమి చేయవలెను? మండువను పునరుద్ధరింపుడని మేము చెప్పము. కల్లు త్రాగుడని అసలే చెప్పము. మూడు మాటలు మాత్రము విన్నవింతుము. మొదటిది, కల్తీకల్లునకు అలవాటుపడినవానిని ఒక్కసారిగా గదిలో బెట్టి మాన్పింప జూడరాదు. అది నీతిలోపము కాదు, రోగము. వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా మాన్పవలెను. లేనిచో మాన్పుటయే ప్రాణాంతక మగును. రెండవది, ఊరిలో కల్లుదుకాణ మున్నచో గ్రామసభలో నిలిచి ‘చెట్లెక్కడ?’ అని యడుగుడు. ఇన్ని కుండలకు ఇన్ని చెట్లు కావలెనని ఏ గీతగాడైనను చెప్పగలడు. చెట్లు చూపలేనిచోట అమ్మబడునది విషము. ఈ లెక్కకు పరీక్షాశాల అక్కఱలేదు. మూడవది, గట్లమీదను చెఱువుకట్టలమీదను ఈత, తాటి నాటుడు. హరితహారమున ప్రభుత్వమును వీనిని నాటించినది. ముంజెకును, బెల్లమునకును, చాపకును, పులియని నీరాకును ఆ చెట్లు పనికివచ్చును. గీతగాని నేర్పు మత్తులేని మార్గమున బ్రతుకుటకు అదియే త్రోవ.

ఊరి బోనాలలో అమ్మవారికి కల్లుసాక పోయుట నేటికిని మానలేదు. ఆ సాకకైనను నిజమైన చెట్టుకల్లు దొరకని యూళ్లున్నవని విందుము. దేవతకు సయితము తొట్టెకల్లు పోయవలసి వచ్చినప్పుడు, పోయినది ఒక పానశాల మాత్రమే కాదు, ‘ఇంతటితో చాలు’ అని చెప్పు ఒక హద్దు పోయినది. ఆ హద్దును పూర్వము చెట్టు గీచెను. ఇప్పుడు దానిని గీయవలసినవారము మనమే.